దుంగ మీద ఆగిపోయిన పాప: అడవి బడిలో పిల్లలు నిలదొక్కుకోవడం ఎలా నేర్చుకుంటారు

రాత్రి కురిసిన వానకు దుంగ తడిసి ఉంది. ఎప్పుడో గాలికి కూలిన చెట్టు అది, ఒక గుంతకు అడ్డంగా పడి ఉంది. గుంతలో మోకాలి లోతు కూడా లేని బురద నీళ్లు. ఐదేళ్ల పాప దుంగ మీదికెక్కి రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతులు రెండూ పక్కలకు చాచింది. బూటు కింద నాచు జారుతోంది. కొంచెం దూరంలో టీచర్ నిలబడి ఉంది. చెయ్యి అందించడం లేదు. "జాగ్రత్త" అనడం లేదు. "నువ్వు చెయ్యగలవు" అని కూడా అనడం లేదు. పాప కిందికి చూసింది, టీచర్ వైపు చూసింది, మళ్లీ కిందికి చూసింది. తర్వాత మెల్లగా కూర్చుని, కాళ్లు రెండు పక్కలా వేలాడేసి, గుర్రమెక్కినట్టు జరుక్కుంటూ అవతలి గట్టుకు చేరింది. ప్యాంటు వెనకంతా బురద.

ఏ ఫారెస్ట్ స్కూల్‌కు, అంటే పిల్లలు చెట్ల మధ్య ఆరుబయట నేర్చుకునే అడవి బడికి, వెళ్లినా ఇలాంటిది కనిపిస్తుంది. చూసే పెద్దవాళ్లు సాధారణంగా రెండు జట్లుగా విడిపోతారు. "పక్కనే ఉండి చూస్తూ నిలబడిందే, బాధ్యత లేదా?" అని ఒక జట్టు. "పిల్లలు అలాగే రాటుదేలాలి" అని ఇంకో జట్టు. నా ఉద్దేశంలో అసలు జరిగిందేమిటో ఇద్దరూ చూడలేదు. ఆ అర నిమిషంలో పాప ఒక లెక్క వేసుకుంది. దుంగ ఎంత జారుతోంది, తనకు ఎంత భయంగా ఉంది, అవతలికి వెళ్లాలని ఎంత ఉంది. ఆ మూడింటినీ కలిపి ఒక నిర్ణయానికి వచ్చింది. నడకను వదులుకుంది, దాటడాన్ని వదులుకోలేదు.

అడవి బడుల గురించి మాట్లాడేవాళ్లంతా ముందుగా చెప్పే మాట రెసిలియన్స్, కష్టం వచ్చినా నిలదొక్కుకునే గుణం. అది నిజంగా అక్కడ పుడుతుందా, పుడితే దేనివల్ల పుడుతుంది అన్నదే ఈ వ్యాసం. చెట్లవల్లనా, బురదవల్లనా, రిస్కువల్లనా, లేక పక్కన నిలబడ్డ ఆ టీచర్‌వల్లనా?

ముందు ఆ మాట సంగతి

రెసిలియన్స్‌కు తెలుగులో స్థితిస్థాపకత అని రాస్తుంటారు. అది భౌతికశాస్త్రం మాట. స్ప్రింగును లాగి వదిలితే పాత ఆకారానికి వచ్చేస్తుంది చూడండి, ఆ గుణం. మనిషి దగ్గర ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. ఒక కష్టంలోంచి బయటపడ్డ పిల్లవాడు పాత ఆకారానికి రాడు. కొత్తగా ఏదో నేర్చుకుని వస్తాడు, లేదంటే కొత్త భయాన్ని మోసుకొస్తాడు. అందుకే నాకు నిలదొక్కుకోవడం అన్న మాటే నచ్చుతుంది. అందులో తూలడం ఉంది, కాలు మళ్లీ ఊనడం ఉంది, ఆ పని ఎవరికి వాళ్లే చేసుకోవాలన్న సంగతీ ఉంది.

రాటుదేలడం ఇంకో విషయం. కాయ కాసిన అరచేతికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, వేడీ తెలియదు. నిలదొక్కుకోవాల్సిన పిల్లకు దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది కావాలి. అరికాలి కింద జారుడు తెలియాలి, గుండె దడదడ తెలియాలి, ఆ దడను పట్టించుకోవాలా వద్దా అన్నది తెలియాలి. పిల్లల్ని చలిలో నిలబెట్టి, ఏడుపు మానేదాకా వదిలేస్తే గట్టిపడతారనే నమ్మకానికీ అడవి బడికీ సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం పుడుతోంది.

ఈ విషయం మీద వచ్చిన పరిశోధనల్లో బాగా పేరున్నది అడవిలో జరిగింది కాదు. హవాయి దీవుల్లో కావాయి అనే దీవి ఉంది. అక్కడ 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చారు. వాళ్లలో సుమారు మూడో వంతు మంది పేదరికం, ఇంట్లో గొడవలు, తల్లిదండ్రుల తాగుడు, మానసిక అనారోగ్యం వంటి ఇబ్బందుల మధ్య పెరిగారు. అలాంటి పిల్లల్లోనూ మళ్లీ ఇంచుమించు మూడో వంతు మంది చక్కగా పెరిగి పెద్దయ్యారు. వాళ్లకు అండగా నిలిచినవాటిలో ముఖ్యమైనది ఒకటుంది. ఏ పరిస్థితిలోనైనా తమను వదలని పెద్ద మనిషి కనీసం ఒకరు ఉండటం. అమ్మే కానక్కర్లేదు, తాతమ్మో టీచరో పొరుగువారో ఎవరైనా సరే. తర్వాత ఆన్ మాస్టెన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 2001లో ఈ రంగాన్నంతా సమీక్షించి, ఇదేదో అరుదైన మహత్తు కాదనీ, మామూలు అనుబంధాలు, మామూలు ఎదుగుదల సరిగ్గా సాగితే వచ్చేదేననీ తేల్చింది.

దుంగ మీది పాప టీచర్ వైపు ఒకసారి చూసింది కదా. ఆ చూపు దగ్గరికి మళ్లీ వస్తాను.

అడవి బడి అంటే ఏది

ఈ పేరుతో రెండు మూడు రకాలు తిరుగుతున్నాయి. డెన్మార్క్‌లో 1950ల నుంచే చిన్నపిల్లల్ని రోజూ అడవికి తీసుకెళ్లే కిండర్‌గార్టెన్లు మొదలయ్యాయి. స్వీడన్‌లో 1957లో యోస్తా ఫ్రోమ్ అనే ఆయన పిల్లల కోసం స్కూగ్స్‌మూల్లె అనే అడవి పాత్రను సృష్టించి, దాని చుట్టూ ప్రకృతి పాఠాలు అల్లాడు. జర్మనీలో గోడలు, తలుపులు లేని అడవి కిండర్‌గార్టెన్ 1968లో వీస్‌బాడెన్‌లో మొదలైనా, 1993లో ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఒకదానికి ప్రభుత్వ గుర్తింపు వచ్చాకే ఊపందుకుంది. ఇప్పుడు ఆ దేశంలో అలాంటివి 1,500కు పైగా ఉన్నాయి. అక్కడ మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలు దాదాపు ఏడాదంతా, మంచులో కూడా, పగటి పూట బయటే ఉంటారు.

ఫారెస్ట్ స్కూల్ అనే పేరుతో మనకు వినిపించేది మాత్రం ఎక్కువగా బ్రిటన్ పద్ధతి. 1993లో ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ నుంచి బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ బృందం ఒకటి డెన్మార్క్ వెళ్లి అక్కడి చిన్నపిల్లల బడుల్ని చూసి వచ్చింది. ఇంటికొచ్చాక తమ దగ్గర అలాంటిదే మొదలుపెట్టారు. అది దేశమంతా పాకింది. 2012లో ఫారెస్ట్ స్కూల్ అసోసియేషన్ ఏర్పడింది. దానికి ముందే ఈ పనిలో ఉన్నవాళ్లు ఆరు సూత్రాల మీద ఒప్పందానికి వచ్చారు. ఈ పద్ధతిలో మామూలు బడి బడిగానే ఉంటుంది. పిల్లలు వారానికోసారి, అరపూటో పూటంతానో, దగ్గరలోని చెట్ల గుంపులోకి వెళ్లి వస్తారు.

ఆరింటిలో నాలుగు ఊహించగలిగినవే. చెట్లున్న చోటు కావాలి, శిక్షణ పొందిన మనిషి నడపాలి, పిల్లవాడి ఎదుగుదలను అన్ని వైపుల నుంచీ చూడాలి, తగిన తోడుతో రిస్కు తీసుకునే వీలు ఉండాలి. మిగతా రెండింటినే చాలామంది గమనించరు. ఒకటి, ఒక్కసారి వెళ్లి రావడం కాకుండా నెలల తరబడి, రుతువులు మారేదాకా, అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. రెండు, ఏం చేయాలన్నది పెద్దల ప్రణాళిక నుంచి మెల్లగా పిల్లల చేతిలోకి జారాలి. నిలదొక్కుకోవడానికి పునాది ఈ రెండింటిలోనే ఉందని నేను నమ్ముతాను. ఏడాదికోసారి బస్సెక్కించి అడవి చూపించి తీసుకొస్తే పిల్లలకు సరదాగా ఉంటుంది, దాన్నెవరూ కాదనరు. కానీ ఆ ఒక్క రోజులో దుంగ మీద ఓడిపోయిన పిల్లకు మళ్లీ ప్రయత్నించే వచ్చే మంగళవారం అంటూ ఉండదు.

రిస్కు కనిపిస్తుంది, ముప్పు కనిపించదు

రిస్కు అన్న మాట వినగానే తల్లిదండ్రుల గుండె జారుతుంది. ఇక్కడ ఒక తేడా ఉంది. ఈ రంగంలో పనిచేసేవాళ్లకు అది అక్షరాభ్యాసం లాంటిది. ఎంత ఎత్తు ఎక్కాలో పిల్లకు కనిపిస్తుంది. ఎక్కాలా, ఆగాలా, దిగాలా అన్నది ఆమె ఎంచుకోగలదు. అది రిస్కు. ఆ కొమ్మ లోపల పుచ్చిపోయి ఉంటే అది పిల్లకు కనిపించదు, ఎంచుకునే వీలూ లేదు. అది ముప్పు. అడవి బడి నడిపేవాళ్ల పనిలో ముప్పుల్ని ఏరిపారేయడం ఒక భాగం, రిస్కును మిగల్చడం ఇంకో భాగం.

అందుకే పిల్లలు రాకముందే వాళ్లు చోటంతా ఒకసారి తిరుగుతారు. తలెత్తి పైకి చూస్తారు. విరిగి వేలాడుతున్న ఎండుకొమ్మలేమైనా ఉన్నాయా అని. వాన పడితే బడి ఆగదు, చలి వేస్తే ఆగదు, గాలి బలంగా వీస్తే మాత్రం చెట్ల కిందికి వెళ్లరు. కొమ్మ విరిగి పడటమన్నది ఏ ఐదేళ్ల పిల్లా లెక్కవేయగలిగే విషయం కాదు మరి.

చెట్టెక్కడం గురించి వాళ్ల దగ్గర ఒక పాత నియమం ఉంది. పిల్లల్ని ఎత్తి కొమ్మ మీద కూర్చోబెట్టకూడదు. ఎంత బతిమాలినా సరే. తనంతట తాను ఎక్కగలిగినంత ఎత్తు నుంచి పిల్ల మామూలుగా తనంతట తాను దిగగలదు. మనం ఎత్తి పెట్టిన ఎత్తులో ఆమె చేతులకు, కాళ్లకు ఆ దారి తెలియదు. మొదటిసారి విన్నప్పుడు ఇది కేవలం భద్రత నియమం అనుకున్నాను. ఆలోచిస్తే ఇందులో పెంపకమంతా ఉంది.

నార్వేలో ఎలెన్ బీటే హాన్‌సెన్ శాండ్‌సెటర్ అనే పరిశోధకురాలు పిల్లలు ఆడే సాహసపు ఆటల్ని దగ్గరుండి గమనించి 2007లో ఆరు రకాలుగా విడదీసింది. ఎత్తులు, వేగం, కత్తి-రంపం లాంటి పనిముట్లు, నిప్పు-లోతు నీళ్ల లాంటి చోట్లు, కుస్తీ పట్లు, పెద్దల కంటపడకుండా తప్పిపోయినంత దూరం వెళ్లడం. చిన్నపిల్లల్ని గమనించినవాళ్లు తర్వాత మరో రెండు చేర్చారు. కావాలని వెళ్లి దేనికైనా గుద్దుకోవడం, పక్కవాడి సాహసాన్ని ఊపిరి బిగపట్టి చూడటం. ఈ జాబితా చదువుతుంటే చిన్నప్పుడు మనం ఆడిన ప్రతి ఆటా ఏదో ఒక గడిలో ఇమిడిపోతుంది.

2011లో శాండ్‌సెటర్, లైఫ్ కెన్నైర్ కలిసి ఒక వాదన ముందుకు తెచ్చారు. పుట్టుకతో వచ్చే కొన్ని భయాలు పిల్లల్ని చిన్న వయసులో కాపాడతాయి. వయసు పెరిగి, చేతులూ కాళ్లూ చెప్పిన మాట వినడం మొదలయ్యాక ఆ భయాలు అవసరానికి మించి మిగిలిపోకూడదు. కొంచెం భయపెట్టి, కొంచెం మురిపించే ఆట ఆ భయాన్ని మోతాదు మోతాదుగా కరిగిస్తుంది. ఫోబియాలకు మానసిక వైద్యులు చేసే చికిత్స తీరు ఇదే. భయపడే వస్తువు దగ్గరికి కొంచెం కొంచెంగా వెళ్లడం. తేడా ఏమిటంటే, ఆటలో ఆ మోతాదును పిల్లే నిర్ణయించుకుంటుంది.

దీనికి తోడుగా ఒక పాత పరిశోధనను తరచూ చెబుతారు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల్ని ఇప్పటికీ గమనిస్తున్నారు. ఐదు నుంచి తొమ్మిదేళ్ల మధ్య కింద పడి గట్టి దెబ్బ తగిలించుకున్నవాళ్లకు 18 ఏళ్ల నాటికి ఎత్తులంటే భయం ఎక్కువగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. 1998లో వెలువడిన ఫలితం అందుకు ఎదురుగా వచ్చింది. చిన్నప్పుడు పడినవాళ్లలోనే ఆ భయం తక్కువ. దీన్ని పట్టుకుని "పడితే భయం పోతుంది" అని రాసేస్తుంటారు. అంత తొందర పనికిరాదు. పుట్టుకతోనే భయం తక్కువ ఉన్న పిల్లలు ఎక్కువగా ఎక్కుతారు, ఎక్కువగా పడతారు. ఏది కారణమో ఏది ఫలితమో ఆ లెక్క ఒక్కటే తేల్చలేదు. పడిన ప్రతి పిల్లా జీవితాంతం భయపడుతుందన్న మన దిగులును మాత్రం అది బాగా తగ్గిస్తుంది.

నిప్పురవ్వ దగ్గర

అడవి బడిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నిప్పు రాజేయడం. అగ్గిపెట్టె ఇవ్వరు. చెకుముకి లాంటి ఒక లోహపు కడ్డీ, దాన్ని గీకడానికి చిన్న ఇనప రేకు, రవ్వ అంటుకోవడానికి కాస్త దూది. పిల్లల చేతికి అవి వచ్చేసరికి చాలా వారాలు గడుస్తాయి. ముందు కొన్నాళ్లు వెలగని నెగడు చుట్టూనే నడక నేర్పుతారు. కూర్చునే దుంగల వెనక నుంచే నడవాలి, మధ్యలోంచి అడ్డంగా దాటకూడదు, నెగడు దగ్గర పని చేసేటప్పుడు ఒక మోకాలు నేలకానించి, చటుక్కున వెనక్కి లేవగలిగేలా ఉండాలి, జుట్టు కట్టుకోవాలి, పక్కనే బకెట్ నీళ్లు ఉండాలి.

తర్వాత ఒక రోజు ఆ కడ్డీ ఏడేళ్ల పిల్లవాడి చేతికి వస్తుంది. మొదటి ఇరవై సార్లు ఏమీ రాదు. రేకును కడ్డీ మీద మరీ మెల్లగా లాగుతుంటాడు. ఇంకాస్త బలంగా లాగితే రవ్వలు రాలతాయి, కానీ దూది పక్కన పడతాయి. గురి చూసి లాగితే చెయ్యి వెళ్లి దూదికి తగిలి, అది ఎగిరిపోతుంది. మళ్లీ సర్దుకుంటాడు. పక్కనున్న పిల్ల దూదిని గట్టి ఉండలా కాకుండా పల్చగా, సాలెగూడులా విడదీసి పెట్టుకోవడం చూస్తాడు. తనదీ విడదీస్తాడు. రేకును కదలకుండా పట్టుకుని కడ్డీనే వెనక్కి లాగాలని ఎవరో చెబుతారు, లేదా తనకే తడుతుంది. రవ్వ పడుతుంది. దూది అంటుకుంటుంది. పుల్లలు పెట్టేలోపు ఆరిపోతుంది.

ఈ చివరి వైఫల్యం దగ్గర చాలామంది పిల్లలు ఏడ్చేస్తారు. ఎందుకంటే ఈసారి దాదాపు వచ్చేసింది. చితుకులు ముందే ఏరి, అగ్గిపుల్ల మందం ఒక కుప్ప, పెన్సిల్ మందం ఒక కుప్ప, బొటనవేలి మందం ఇంకో కుప్ప పెట్టుకోవాలన్నది ఆ ఏడుపు తర్వాత అర్థమవుతుంది. టీచర్ మొదటివారమే చెప్పి ఉంటుంది. చెవికి ఎక్కలేదంతే.

నిలదొక్కుకోవడం ఎలా పుడుతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుందని నాకనిపిస్తుంది. ఈ ఓటమి తీరు వేరు. అది వెంటనే తెలుస్తుంది, ఎందుకు ఓడిపోయాడో కళ్లముందే ఉంటుంది, మళ్లీ ప్రయత్నించడానికి ఖర్చేమీ లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, నిప్పు తిట్టదు, మెచ్చుకోదు. తడి పుల్ల అంటుకోదు, ఎండు పుల్ల అంటుకుంటుంది, అంతే. ఎర్ర సిరాతో సున్నా వేసిన పరీక్ష పేపర్ చేతికొచ్చినప్పుడు పిల్లవాడు "నాకు రాదు" అనుకుంటాడు. తడి పుల్ల చేతిలో ఉన్నప్పుడు "ఇది తడిగా ఉంది" అనుకుంటాడు. ఓటమిని తన స్వభావంలో వెతుక్కోకుండా పనిలో వెతుక్కోవడం. పెద్దవాళ్లలో కూడా ఇది చాలామందికి రాదు.

పక్కన నిలబడటం అనే పని

మొదట దుంగ దగ్గర టీచర్ ఏమీ చేయనట్టు కనిపించింది. నిజానికి ఆమె అప్పుడు ఎన్నో చూస్తోంది. గుంత లోతు ఆమెకు తెలుసు, పొద్దున్నే కర్రతో కొలిచింది. పాప పోయినవారం ఏం చేసిందో గుర్తుంది. మోకాళ్లు వణుకుతున్నాయా, చూపు స్థిరంగా ఉందా గమనిస్తోంది. ఒక్క అడుగులో చేరుకోగలిగినంత దగ్గరలో, ఒక్క అడుగైనా వేయాల్సినంత దూరంలో నిలబడింది.

పాప ఆమె వైపు చూసినప్పుడు చెయ్యి కోసం చూడలేదు. ఆమె మొహంలో ఏముందో చూసింది. ఏం చేయాలో పాలుపోనప్పుడు పక్కనున్న పెద్దవాళ్ల మొహం చదవడం పిల్లలు మాటలు రాకముందే నేర్చుకుంటారు. ఆ మొహంలో కంగారు కనిపిస్తే దుంగ ప్రమాదకరమని అర్థం. ప్రశాంతత కనిపిస్తే, ఇది నువ్వు ఆలోచించుకోదగ్గ విషయమేనని అర్థం. కావాయి పిల్లల దగ్గర తేలిన సంగతి ఇక్కడికి తిరిగొస్తుంది. వదిలేసి వెళ్లని పెద్ద మనిషి. అడవిలో ఆ మనిషి చేసే సాయం చాలాసార్లు ఇలా మొహం మీదే ఉంటుంది.

"జాగ్రత్త" అనే మాట గురించి కొంచెం చెప్పాలి. ప్రేమతోనే అంటాం. కానీ అందులో సమాచారం లేదు. దేనికి జాగ్రత్త? నాచుకా, కొమ్మకా, వెనకాల వస్తున్న పిల్లవాడికా? పిల్లకు అందేది ఒక్కటే, అమ్మ భయపడుతోందని. అనుభవమున్న టీచర్లు దాని బదులు పిల్ల కన్ను వెళ్లాల్సిన చోటికి మాటను పంపిస్తారు. "ఆ కొమ్మకు ఆకులు లేవు, గమనించావా?" "నీ ఎడమ కాలు ఎక్కడ పెడదామనుకుంటున్నావు?" "దిగేటప్పుడు ఏ దారిలో దిగుతావు?" ఒక్కోసారి "నేనిక్కడే ఉన్నాను" అని మాత్రమే అంటారు. ఇంకోసారి ఏమీ అనరు.

ఇది చదవడానికి తేలిగ్గా ఉంది. పార్కులో నా పక్కన ఎక్కుతున్న పిల్లను చూస్తూ ఆ మాట ఆపుకోవాలని నేను ప్రయత్నించాను. నోటి దాకా వచ్చేస్తుంది. నాలుక కరుచుకున్నంత పని అయింది. ఈ టీచర్లకు చెట్ల పేర్లు, ముడులు వేయడంతో పాటు ఈ ఆగడాన్ని కూడా నేర్పాల్సి వస్తుందంటే నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

ఆగడం అంటే వదిలేయడం అని పొరపాటు పడకూడదు. కత్తి పట్టించేటప్పుడు అదే టీచర్ పక్కనే కూర్చుని, ఒక్కరికే నేర్పుతుంది. మొదట కూరగాయల తొక్క తీసే పీలర్‌తో కొమ్మ బెరడు తీయిస్తుంది. కొమ్మను పట్టుకున్న చేతికి గ్లవ్ ఉంటుంది, పీలర్ పట్టుకున్న చేతికి పట్టు జారకుండా గ్లవ్ ఉండదు. కోత ఎప్పుడూ ఒంటి వైపు కాకుండా బయటికే సాగాలి. చేయి చాచి తిరిగితే ఎవరికీ తగలనంత ఖాళీ చుట్టూ ఉండాలి. ఇంత కట్టుదిట్టం, దుంగ దగ్గర అంత వదులు. రెండూ ఒకే మనిషి చేస్తుంది. ఏది ఎక్కడ కావాలో తెలియడమే ఆమె నైపుణ్యం.

ప్రభుత్వ సంస్థలు, వైద్యుల సంఘాలు కూడా ఇటువైపే వచ్చాయి. బ్రిటన్‌లో పని ప్రదేశాల భద్రతను చూసే హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ 2012లో పిల్లల ఆటల మీద ఒక ప్రకటన చేసింది. రిస్కును పూర్తిగా తీసేయడం లక్ష్యం కాకూడదనీ, దాని లాభనష్టాలు బేరీజు వేసుకోవాలనీ అందులో ఉంది. కెనడా పిల్లల వైద్యుల సంఘం 2024 జనవరిలో సాహసపు ఆటను ఆరోగ్యానికి అవసరమైనదిగా గుర్తిస్తూ, రిస్కుకూ ముప్పుకూ తేడా చెబుతూ వైద్యులకు సూచనలు ఇచ్చింది. గాయాలకు చికిత్స చేసేవాళ్లే ఈ మాట అనడం నాకు పెద్ద విషయంగా తోచింది.

వాన, విసుగు, కొట్లాటలు

పెద్ద సాహసాలే కనబడతాయి గానీ అడవిలో ఎక్కువ సమయం చిన్న చిన్న చికాకులతోనే గడుస్తుంది. గ్లవ్ తడిసిపోయింది. కట్టిన గుడిసె కూలింది. ఒకే కర్ర కోసం ఇద్దరు పట్టుబట్టారు. ఏం చేయాలో తోచడం లేదు. తరగతి గదిలో వీటిలో చాలావాటిని టీచర్ నిమిషంలో తీర్చేస్తుంది, ఎందుకంటే పాఠం ఆగిపోతుంది. ఇక్కడ ఆగిపోయే పాఠం లేదు కాబట్టి వాళ్లే తేల్చుకునేదాకా సమయం ఉంటుంది. ఆటవస్తువులు కూడా ఇందుకు కలిసొస్తాయి. ఒక కర్ర కత్తి కావచ్చు, గరిటె కావచ్చు, గుడిసెకు స్తంభం కావచ్చు. పెద్ద దుంగను ఒక్కరు కదపలేరు కనుక, పొద్దున పోట్లాడుకున్నవాడినే మధ్యాహ్నం సాయానికి పిలవాల్సి వస్తుంది.

ఎంతవరకు రుజువైంది

అడవి బడి మీద ప్రేమ ఉన్నవాళ్లే ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని నా కోరిక.

శరీరానికి జరిగే మేలు గురించి ఆధారాలు కొంత గట్టిగానే ఉన్నాయి. నార్వేలో ఇంగున్ ఫ్యోర్తోఫ్ట్ అనే పరిశోధకురాలు రోజూ బడి పక్కన అడవిలో ఆడుకునే పిల్లల్నీ, మామూలు ఆటస్థలంలో ఆడే పిల్లల్నీ పోల్చింది. ఎగుడుదిగుడు నేల మీద ఆడినవాళ్లకు శరీర సమతూకం, అవయవాల సమన్వయం మెరుగ్గా వచ్చాయి. ఫిన్లాండ్‌లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 75 మందితో చేసిన ప్రయోగం 2020లో వెలువడింది. కొన్ని శిశు సంరక్షణ కేంద్రాల పెరళ్లలో అడవి నేలను తెచ్చి పరిచారు. 28 రోజుల్లోనే అక్కడ ఆడుకున్న పిల్లల చర్మం మీద మేలు చేసే సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో రోగనిరోధక వ్యవస్థ అదుపులో ఉందని సూచించే గుర్తులు మెరుగుపడ్డాయి. జర్మనీలో వారానికో రోజు అడవిలో చదువుకున్న పిల్లల్లో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఆ రోజు పొద్దుటి నుంచి సాయంత్రానికి సాఫీగా తగ్గుతూ వచ్చిందనీ, తరగతి గదిలో ఉన్నవాళ్లలో అలా తగ్గలేదనీ 2017లో ఒక చిన్న అధ్యయనం చూపింది.

నిలదొక్కుకునే గుణం దగ్గరికి వచ్చేసరికి నేల మెత్తబడుతుంది. అధ్యయనాలు ఉన్నాయి, ఎక్కువగా అనుకూలంగానే ఉన్నాయి. కానీ చాలావాటిలో పిల్లల సంఖ్య తక్కువ. పిల్లలు మారారని చెప్పింది టీచర్లూ తల్లిదండ్రులూ, వాళ్లు ముందే దీన్ని నమ్మినవాళ్లు. పిల్లల్ని అడవి బడికి పంపే కుటుంబాలకు ఇతర వెసులుబాట్లు కూడా ఉండి ఉండవచ్చు. పైగా దుంగ మీద నేర్చుకున్నది లెక్కల పరీక్ష దాకా నడిచొస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఒక పనిలో "నేను చేయగలను" అన్న నమ్మకం ఇంకో పనిలోకి దానంతట అది పాకుతుందని అనుకోకూడదు. టీచర్ ఆ వంతెన వేయాలి. లెక్క రాక కూర్చున్న పిల్లవాడితో "నెగడు దగ్గర నీకు మొదట ఏం రాలేదు? తర్వాత ఏం మార్చావు?" అని అడిగే టీచర్ ఉంటే ఆ దారి పడే అవకాశం ఎక్కువ.

విమర్శకులు ఇంకో మాట అంటారు. డెన్మార్క్, స్వీడన్, నార్వేలున్న స్కాండినేవియాలో ఆరుబయట గడపడం జీవన విధానంలో భాగం. దాన్ని అక్కడి నుంచి పెకలించి, బ్రాండు పేరు పెట్టి, సర్టిఫికెట్లు, కిట్లు, ఆరు వారాల ప్యాకేజీలుగా అమ్మడం మొదలయ్యాక అసలు సారం జారిపోతోందని. నాకు ఇది న్యాయమైన విమర్శగానే కనిపిస్తుంది. ఆరు వారాల్లో నిప్పు కడ్డీ చేతికొచ్చేసరికే సమయం అయిపోతుంది.

అందరు పిల్లలకూ ఒకే మోతాదు పనికిరాదన్నది మరో సంగతి. ఇంట్లో ఇప్పటికే భయంతో బతుకుతున్న పిల్లకు కొత్తగా భయం పరిచయం చేయనక్కర్లేదు. ఆమెకు అడవి ఇవ్వాల్సింది ఎప్పుడూ ఒకేలా ఉండే చోటు, ప్రతివారం వచ్చే అదే మనిషి. చక్రాల కుర్చీలో ఉన్న పిల్లవాడికి రిస్కు ఉండకూడదని ముందే తీర్మానించేస్తుంటారు, అది కూడా అన్యాయమే. అతనికి దుంగ కుదరకపోవచ్చు, నిప్పు కుదురుతుంది, కత్తి కుదురుతుంది, వాలులో వేగం కుదురుతుంది.

మీ పిల్లల్ని ఇలాంటి చోటికి పంపాలనుకుంటే, వెళ్లి చూసినప్పుడు చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి. ఎన్ని నెలలు నడుస్తుంది, ప్రతిసారీ అదే చోటా, వాన వస్తే ఏం చేస్తారు, గాలి వస్తే ఏం చేస్తారు అని అడగండి. తర్వాత ఇంకొకటి అడగండి. ఆరు వారాలుగా దేనిలోనూ కలవకుండా చెట్టు మొదట్లో కూర్చుని ఉన్న పిల్లవాడు ఉంటే అతన్ని ఏం చేస్తారని. "మెల్లగా ఆటల్లోకి లాగుతాం" అంటారు చాలామంది. కొందరు మాత్రం ఒక క్షణం ఆగి, అలాంటి పిల్లవాడి గురించి చెప్పడం మొదలుపెడతారు. మొదటి వారం అతను చీమల బారు చూశాడనీ, మూడో వారం వాటి దారికి పుల్ల అడ్డం పెట్టి అవి చుట్టూ తిరిగి వెళ్తాయేమో చూశాడనీ, ఐదో వారం పక్కనున్న పాపను పిలిచి చూపించాడనీ.